అల్పుడి ఫ్లెక్సీ

మన సంఘాల్లో ఈమధ్య ఒక మాట బాగా చెలామణీలోకి వచ్చింది: "ప్రేమతో చెబుతున్నాను బ్రదర్." ఇది వినబడగానే చెవులు మూసుకోవడం మంచిది. తరవాత వచ్చేది తిట్టే. బాప్తిస్మం చిలకరింపా ముంచడమా, ఆరాధన శనివారమా ఆదివారమా, ఓటు ఎవరికి... తగువు ఏదైనా ముందు ప్రేమ, వెనక రాయి. ఇప్పుడు ఆ ప్రేమకు శిక్షణ ఇచ్చే సభలు కూడా మొదలయ్యాయి. అలాంటి సభకు ఫ్లెక్సీ వేయించడానికి వచ్చిన ఒక బ్రదర్, చర్చి లెక్కల పుస్తకానికి అట్ట వేయించడానికి వచ్చిన ఒక రిటైర్డ్ మాస్టారు, మిషన్ దగ్గర ఒక కుర్రాడు. ఇక వాళ్ల మాటల్లోనే.

కుర్రాడు: సైజు చెప్పండన్నా.

బ్రదర్: 12 బై 8. పైన "వినయ మహాసభలు" అని వెయ్యి. "వినయ" ఎర్రక్షరాల్లో, బస్టాండు నుంచి కూడా కనబడాలి.

కుర్రాడు: మీ ఫొటో?

బ్రదర్: ఏడడుగులు చాలు. చేతులు జోడించింది పెట్టు. కింద "అల్పుడు, అయోగ్యుడు, అంతర్జాతీయ ప్రసంగీకులు, డాక్టర్..."

మాస్టారు: బాబూ, అయోగ్యుడికి డాక్టరేటు ఎవరిచ్చారు?

బ్రదర్: వందనాలు మాస్టారూ! గౌరవ డాక్టరేటండీ. నేను అడగలేదు.

మాస్టారు: మరెలా వచ్చింది?

బ్రదర్: కొరియర్లో.

మాస్టారు: సంతోషం. సభల్లో ఏం నేర్పుతావు?

బ్రదర్: ఎదుటి సంఘంవాళ్లతో తగ్గి మాట్లాడ్డం. మొన్న వీడియోలో చేసి చూపించాను కూడా. పక్క వీధి పాస్టరుగారిని, "అయ్యగారూ, మీ కాళ్లు పట్టుకుని ప్రేమతో చెబుతున్నాను, మీరు అబద్ధ బోధకులు" అన్నాను.

మాస్టారు: కాళ్లు పట్టుకునే అన్నావు.

బ్రదర్: గొంతయినా పెంచలేదండీ.

మాస్టారు: వీడియో పేరేమిటి?

బ్రదర్: "పాస్టర్ నోరు మూయించిన అల్పుడు". పేర్లు మా బావమరిది పెడతాడు లెండి.

మాస్టారు: ఆయన ఊరుకున్నాడా?

బ్రదర్: "నీకంటే నేనే అల్పుణ్ణి" అని జవాబు వీడియో పెట్టాడు. ఎంత పొగరో చూడండి! ఆయనకంటే నేను ఎందుకు అల్పుణ్ణో మూడు భాగాల్లో నిరూపించాను. అల్పత్వంలో ఈ జిల్లాలో నా దరిదాపులకు ఎవడూ రాలేడు.

కుర్రాడు: అన్నా, దాతల ఫొటోలు పదహారు వచ్చాయి. కింద వచనానికి చోటు లేదు.

మాస్టారు: ఏ వచనం?

బ్రదర్: కొరింథీయులకు మొదటి పత్రిక, పదమూడో అధ్యాయం. పెళ్లిళ్లలో చదువుతారే, ప్రేమ గురించి.

మాస్టారు: పెళ్లివాళ్ల కోసం రాసింది కాదయ్యా అది. నేను పౌలు మనిషిని, నేను అపొల్లో మనిషినని బోధకుల పేరు మీద అభిమాన సంఘాలు పెట్టుకుని కొట్టుకుంటున్న జనానికి రాశాడు. నీ సబ్‌స్క్రైబర్లకనుకో.

బ్రదర్: అపొల్లోకి ఎంతమంది ఉండేవారండీ?

(మాస్టారు కుర్చీ లాక్కున్నారు. బడిపంతుళ్లకు కుర్చీ అందనివ్వకూడదు.)

మాస్టారు: దోర్నకల్ బిషప్ అజరయ్యగారి పేరు విన్నావా? 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో మిషనరీల మహాసభ. వెయ్యిమందికి పైగా ప్రతినిధులు, మనవైపు వాళ్లు గుప్పెడు. అక్కడ నిలబడి దొరల మొహం మీదే అన్నాడు: మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, స్నేహం మాత్రం ఇవ్వలేదు, మాకది కావాలని. నువ్వు చెప్పిన పదమూడో అధ్యాయంలోంచే ఎత్తుకున్నాడు. కొందరు దొరలకు మింగుడుపడలేదు.

బ్రదర్: అబ్బ! ఉతికి ఆరేశాడన్నమాట!

మాస్టారు: ఆరెయ్యలేదు. అని, మళ్లీ వాళ్లతోనే కూర్చున్నాడు. 1919లో తరంగంబాడిలో, సంఘాలు ఒకటి కావాలని మాట మొదలెట్టినవాళ్లలో ఆయనొకడు. ఆంగ్లికన్లకు బిషప్ లేనిదే కుదరదు, కొందరికి బిషప్ అంటేనే గిట్టదు. 28 ఏళ్లు మాట్లాడుకున్నారయ్యా! 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సీఎస్‌ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం, ఏర్పడింది. ఆయన చూడనే లేదు, 1945 జనవరి 1న పోయాడు.

బ్రదర్: 28 ఏళ్లా! నా షార్ట్ 28 సెకన్లు దాటితే జనం పైకి తోసేస్తున్నారు.

మాస్టారు: ఎదుటివాడి వాదం వాడే "అవును, నేనన్నది అదే" అనేట్టు ముందు నువ్వు చెప్పగలగాలి. ఆ తరవాత కాదను, ఎంత గట్టిగానైనా కాదను. అది చేతకానివాడు ఎవడి కాళ్లు పట్టుకుంటే ఏం లాభం?

బ్రదర్: బాగుందండీ, రెండో రాత్రి వాడుకుంటాను. మీ పేరు మాత్రం చెప్పను, మీకు గర్వం వస్తుంది.

కుర్రాడు: భోజనాలు ఉన్నాయా అన్నా?

బ్రదర్: చివరి రోజు ప్రేమ విందు, చికెన్ బిర్యానీ. టోకెన్లు ఉంటాయి.

మాస్టారు: ప్రేమ విందుకు టోకెన్లా?

బ్రదర్: ప్రేమకు హద్దు లేదు గానీ బిర్యానీకి ఉంది కదండీ. నిరుడు పసుపు టోకెన్లిస్తే ఒక పార్టీవాళ్లు అలిగి వెళ్లిపోయారు. నీలం వేయిస్తే రెండోవాళ్లు లేచారు. ఆఖరికి తెల్లకాగితం చింపి ఇచ్చాం. లెగ్ పీసుల దగ్గర మాత్రం అన్ని సంఘాలూ ఏకమయ్యాయి, వడ్డించేవాణ్ణి కొట్టడానికి.

మాస్టారు: సీఎస్‌ఐ కూడా?

బ్రదర్: మొదటి దెబ్బ వాళ్లదే.

కుర్రాడు: అన్నా, ఒకమాట. పక్క వీధి పాస్టరుగారు నిన్ననే ఆర్డరిచ్చారు. "అత్యంత వినయ మహోత్సవాలు". 15 బై 10.

బ్రదర్: ఎంతా? అయితే మనది 20 బై 10 చెయ్యి! రింగులు గట్టిగా కొట్టు.

కుర్రాడు: సెంటర్లో అంత చోటెక్కడుంది? ఎమ్మెల్యేగారి పుట్టినరోజు ఫ్లెక్సీ దింపితే తప్ప.

బ్రదర్: అమ్మో, దాని జోలికి పోకు. పొద్దున్నే నేనే వెళ్లి అడుగుతాను. మాస్టారూ, ఆ 28 ఏళ్ల ఆయన దొరలతో ఎలా మొదలెట్టాడన్నారు?