కుండీలో మర్రికి టీకా తాత్పర్యం

అవతారిక

వ్యాఖ్యానానికి ముందు మూలం ఉండాలన్నది పెద్దల నియమం. మూలం దొరకనప్పుడు దానిని కూడా వ్యాఖ్యాతే రచించుకోవడం సంప్రదాయవిరుద్ధమే అయినా, కెనడా చలిలో కుండీ మర్రిని బతికించుకోవలసిన అవసరం సంప్రదాయం కంటే బలమైనది కనుక, ఈ కింది ఆటవెలదిని ప్రమాణంగా స్వీకరించక తప్పదు.

కొమ్మ నిగిడి యాకు కొల్లగా వేసిన
రెండు నిలిపి కోయ రెమ్మ మెచ్చు
చలికి ముందె తెచ్చి చట్టిని యింటిలో
కిటికి చెంతనుంచి కినియ వలదు

గ్రంథారంభంలో విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని చెప్పాలి. లోతు తక్కువ చట్టిలో, అనగా బోన్సాయి రూపంలో పెరిగే ఉష్ణదేశపు చెట్టును కత్తిరించి తీర్చిదిద్దడం విషయం. చెట్టు చావకుండా చిన్నదిగా ఉండడమే ప్రయోజనం. పద్యానికీ కత్తెరకూ గల బోధ్యబోధక భావమే సంబంధం. ఇక అధికారి ఎవరంటే, దుకాణంలో మర్రి జాతికి చెందిన బొద్దు వేళ్ల ఫైకస్‌ను ముచ్చటపడి కొని, రెండు నెలలకే దాని కొమ్మలు అడ్డదిడ్డంగా సాగుతుంటే ఏంచేయాలో తోచక నిలబడ్డ ప్రతి గృహస్థుడూ అధికారియే.

ప్రతిపదార్థం

కొమ్మ = శాఖ; నిగిడి = నిడుపుగా సాగి; ఆకు = ఆకులను; కొల్లగా = సమృద్ధిగా; వేసిన = వేసినచో; రెండు = రెండు ఆకులను; నిలిపి = ఉంచి; కోయ = కత్తిరింపగా; రెమ్మ = చిరుకొమ్మ; మెచ్చు = సంతసించును; చలికి ముందె = శీతకాలము రాక మునుపే; చట్టిని = కుండీని; ఇంటిలో = గృహమునందు; తెచ్చి = చేర్చి; కిటికి చెంతను = గవాక్ష సమీపమున; ఉంచి = పెట్టి; కినియ వలదు = కోపింపరాదు.

తాత్పర్యం

కొత్త కొమ్మ ఆరు నుంచి ఎనిమిది ఆకుల దాకా సాగినప్పుడు మొదట్లో రెండాకులు ఉంచి మిగిలినది కోసివేయాలనీ, చలి ముదరక ముందే చెట్టును లోపలికి చేర్చి వెలుతురు తగిలేచోట పెట్టి, ఆపైన ఏం జరిగినా ఓర్చుకోవాలనీ భావం.

విశేషాలు

రెండే ఎందుకు, ఒక్కటి చాలదా, ఒకటీ లేకుండా కోస్తే పీడా వదలదా అని శంక. ఫైకస్ జాతిలో ప్రతి ఆకు తొడిమ మొదట్లోనూ ఒక నిద్రాణమైన మొగ్గ ఉంటుంది. కొమ్మ కొనలో పుట్టే ఆక్సిన్ అనే వృద్ధికారకం కిందికి దిగుతూ ఆ మొగ్గలను అణచి ఉంచుతుంది. దీనినే కొన ఆధిపత్యం అంటారు. కొనను తెంచగానే అణచివేత తొలగి, నిలిపిన రెండాకుల మొదళ్ల నుంచి రెండు కొత్త రెమ్మలు లేస్తాయి. వాటిని మళ్లీ ఇదే విధంగా కోస్తే నాలుగవుతాయి. రెమ్మ మెచ్చడం అంటే ఇదే తప్ప, కవి ఇక్కడ అతిశయోక్తికి పాల్పడలేదు. ఆకు ఒకటీ మిగల్చకుండా కోస్తే ఫైకస్ మైక్రోకార్పా ముదురు కొమ్మ మీద కూడా చిగురించి మన్నించవచ్చు గాని, ఆకులు వాల్చుకుని ఉండే ఫైకస్ బెంజమినా మాత్రం అంత క్షమాగుణం గలది కాదు. ఆకు లేని కొమ్మను అది మొదలు దాకా ఎండబెట్టుకుంటుంది. కోసినచోట కారే పాలు చర్మానికి దురద పుట్టిస్తాయి కనుక, తడిగుడ్డతో అద్ది తుడవడం శిష్టాచారం.

నిలిపిన ఆకుల్లో పైది ఎటు చూస్తుందో కొత్త రెమ్మ కూడా అటే పోతుంది కనుక, కత్తెర పట్టినవాడు కోసేది కొమ్మనే అయినా నిర్ణయించేది రాబోయే కొమ్మ దిశను. ఈ ఒక్క సూత్రం మీదనే దక్షిణ చైనాలోని లింగ్నాన్ సంప్రదాయం నిలబడింది. తీగ చుట్టి వంచే పనిని వీలైనంత తగ్గించి, కొమ్మను కావలసిన లావు వచ్చేదాకా స్వేచ్ఛగా పెరగనిచ్చి, పొట్టిగా కోసి, కొత్త దిశలో లేచిన రెమ్మను మళ్లీ లావెక్కనిచ్చి కోయడం దాని పద్ధతి. ఒక్కొక్క కణుపుకు ఏళ్లు పడుతుంది. ఫలితంగా కొమ్మ వంపు వంపుకూ సన్నబడుతూ, గాలివానలకు తట్టుకున్న ముదుసలి చెట్టు పోలిక తెచ్చుకుంటుంది. అల్యూమినియం తీగను కొమ్మకు నలభై అయిదు డిగ్రీల ఏటవాలుగా చుట్టి, ఒక్క మధ్యాహ్నంలో వంపు సాధించాలనుకునేవారు, వేసవిలో ఫైకస్ ఎంత వడిగా లావెక్కుతుందో మరచిపోతే, కొద్ది వారాలకే తీగ బెరడులో దిగి వదలని మచ్చ వేస్తుంది.

ఈ లింగ్నాన్ విద్యకు కెనడాలో ప్రత్యక్ష ప్రమాణం మాంట్రియల్‌లో ఉంది. బ్రదర్ మరీ విక్తొరిన్ 1931లో స్థాపించిన అక్కడి బొటానికల్ గార్డెన్‌కు, హాంకాంగ్ బ్యాంకరు, పెంజింగ్ నిపుణుడు అయిన వూ యీ సన్ 1984లో తన చెట్లలో సుమారు 30 బహూకరించాడు. పెంజింగ్ అంటే చట్టిలో అమర్చిన ప్రకృతి దృశ్యం. జపాను బోన్సాయికి జన్మస్థానం ఈ చైనా కళే. వెచ్చని దేశాల జాతులు అక్కడ చలికాలమంతా గాజు గృహంలో గడుపుతాయి. అంతటి వనానికే గాజు గృహం తప్పనప్పుడు, అపార్టుమెంటు బాల్కనీ మీద భరోసా పెట్టుకోవడం సాహసమే అనాలి.

తెలుగువారి కొంపల్లో ఈ శాస్త్రం బోన్సాయి పేరు వినకముందే ప్రవేశించింది. బ్రాంప్టన్‌లోనైనా కాల్గరీలోనైనా కరివేపాకు కుండీని శీతకాలం కిటికీ దగ్గర కాపాడుకునే ఇల్లాలు నిజానికి ఉష్ణదేశపు చెట్టుకు కత్తిరింపు చేస్తున్నదే. పోపు పెట్టినప్పుడల్లా కింది రెబ్బలు మాత్రం తుంపుకుంటూ పోతే, కొన్నాళ్లకు బోడి కర్ర మీద పిలక మిగులుతుంది. కొనను కూడా కలిపి కాడగా కోస్తే, మొగ్గలు విచ్చుకుని గుబురు కడుతుంది. మాంట్రియల్ గాజు గృహం లోపలా వంటింటి కిటికీ దగ్గరా పనిచేసేది ఒకే ఆక్సిన్ అని తెలిసిన తరువాత, ఆ ఇల్లాలికి ఆచార్యత్వం ఇవ్వడానికి వ్యాఖ్యాతకు ఏ అభ్యంతరమూ లేదు.

"చలికి ముందె" అన్నచోట ఏ చలి అని విచారించాలి. నీరు గడ్డకట్టే చలి అని అర్థం చెప్పుకున్నవారి చెట్లు అక్టోబరు దాటవు. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగడమే ఫైకస్‌కు చలి. అందుచేత దక్షిణ ఒంటారియోలోనూ మాంట్రియల్‌లోనూ చట్టి సెప్టెంబరులో లోపలికి రావాలి; మే చివరగాని జూన్ మొదట్లోగాని బయటికి పోవాలి. విక్టోరియా దినోత్సవం నాడు ఇరుగుపొరుగు పూలమొక్కలు నాటుతున్నారు కదా అని తొందరపడి, లోపలి నీడకు అలవాటుపడ్డ ఆకును ఒకేసారి మండుటెండలో నిలిపితే, అది మాడిపోతుంది. మొదట కొన్నాళ్లు నీడపట్టున ఉంచాలి.

"చెంతనుంచి" అనే పదాన్ని "చెంత నుంచి" అని విడదీసి, కిటికీ దగ్గర నుంచి తీసివేయాలని అర్థం చెప్పడం దుర్వ్యాఖ్యానం. డిసెంబరులో టొరంటో పగలు దాదాపు 9 గంటలే. దక్షిణపు కిటికీ దొరకనివారు ఎల్‌ఈడీ దీపం పెట్టవచ్చు.

చివరిగా "కినియ వలదు". ఎవరి మీద కోపం వలదు అన్నదాంట్లో రెండు పక్షాలున్నాయి. చోటు మారగానే ఆకులన్నీ రాల్చే చెట్టు మీద కోపం వలదని ఒక పక్షం. వెంటు నుంచి వేడిగాలి తగిలేచోట కుండీ జరిపిన ఇంటివారి మీద వలదని రెండవది. రెండవదే కవిహృదయమని అనుభవజ్ఞులు అంటారు. ఆకు రాల్చిన చెట్టు చచ్చిందని భయపడి పదేపదే నీళ్లు పోసి వేళ్లు కుళ్లబెట్టడమే అసలు హత్య. బెరడును గోటితో గీరి చూస్తే లోపల పచ్చగా ఉంటే చెట్టు బతికే ఉన్నట్టు.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివినవారికి పుణ్యలోకాలు కలుగుతాయని చెప్పడం ఆచారం. ఆ మాట ఎలా ఉన్నా, జనవరిలో దీనిని చదివి ఉత్సాహంతో లేచే పాఠకుడికి విన్నపం ఒకటుంది: వెలుతురు చాలని శీతకాలంలో కోసిన కొమ్మ చిగురించడానికి శక్తి చాలదు కనుక, కత్తెరను జూన్ దాకా సొరుగులోనే ఉంచాలి.