హోల్‌స్టర్ పద్యానికి టీకా తాత్పర్య విశేషాలు

మూలము (ఆటవెలది):

బెల్టు గట్టిదైన భేషైన యొరయైన
నడుము నడిగి పెట్టు నాల్గు గంట
నిలిచి కొన్న సుఖము నిలువదు కూర్చున్న
ముందు ట్రిగ్గరొదుగ మూయవలయు

అవతారిక: మూలం లేకుండా వ్యాఖ్య రాయడం శాస్త్రసమ్మతం కాదు గనుక మూలాన్నీ వ్యాఖ్యాతే సమకూర్చుకున్నాడు. విషయం, చొక్కా కింద పిస్టల్ దాచుకుని తిరిగేవాడు దానికి తగిన ఒరను ఎంచుకోవడం. ప్రయోజనం, సాయంత్రానికి నడుం పట్టేయకపోవడం. దేశం టెక్సస్. 2021 సెప్టెంబరు 1 నుంచి అక్కడ 21 ఏళ్లు నిండి, చట్టం అడ్డుచెప్పనివారు లైసెన్సు లేకుండానే పిస్టల్ పెట్టుకు తిరగవచ్చు.

ఇక అధికారి ఎవరు? ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో మనవాళ్లకు కొదవ లేదు కాని, అందరూ అధికారులు కారు. వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండరాదని ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు వంటి మినహాయింపులు కొద్దిగా ఉన్నాయి. కాబట్టి హెచ్-1బీ మీద గ్రీన్‌కార్డు వరసలో ఉన్నవారికి ఈ పద్యం శ్రవణం వరకే. అనుష్ఠానం కార్డు వచ్చాక.

ప్రతిపదార్థము: బెల్టు = నడికట్టు; గట్టిదైన = బరువుకు వంగనిదైనను; భేషైన ఒర ఐన = మేలైన హోల్‌స్టర్ అయినను; నడుము నడిగి = తన ఒడ్డూపొడవును సంప్రదించి; నాల్గు గంట = నాలుగు గంటల చోట (ఇక్కడ ‘ల చోట’ అధ్యాహారం); పెట్టు = ధరింపుము; నిలిచి కొన్న సుఖము = కొట్లో నిలబడి చూసుకుని కొన్న హాయి; కూర్చున్న = కూర్చున్నచో; నిలువదు = ఉండదు; ముందు = అన్నిటికంటె మొదట; ట్రిగ్గరు ఒదుగ = ట్రిగ్గరు పూర్తిగా లోపల ఇమిడేటట్లు; మూయవలయు = కప్పవలెను.

తాత్పర్యము: సుగమం.

విశేషాలు: బెల్టుతో పద్యం మొదలుపెట్టడం కవి లోకజ్ఞతకు నిదర్శనం. గ్లాక్ 19 అనే పిస్టల్‌లో 15 తూటాల మేగజైన్ నిండితే మొత్తం బరువు 850 గ్రాముల చిల్లర. దాన్ని మామూలు ప్యాంటు బెల్టుకు తగిలిస్తే అది ఒకవైపు జారుతుంది. జారకుండా మరో చిల్లు బిగిస్తారు. అప్పుడు కడుపు నొక్కుకుని, ఒర మంచిది కాదని దుకాణదారుణ్ణి తిడతారు. లోపల గట్టి పట్టీ వేసి కుట్టిన గన్ బెల్టు కొంటే ఆ తిట్లలో సగం మిగిలేవి. ఒరను ప్యాంటు లోపలికి దోపేవారైతే నడుం కొలత ఒకటి రెండు అంగుళాలు ఎక్కువున్న ప్యాంటు కూడా కొనాలి. ఈ ఖర్చు కవి చెప్పలేదు. కవులు ఖర్చులు చెప్పరు.

‘భేషైన’ అన్నచోట తోలా, కైడెక్సా అని వ్యాఖ్యాతలు కొట్టుకుంటారు. కైడెక్స్ అనేది 1965లో రోమ్ అండ్ హాస్ కంపెనీ విమానాల లోపలి భాగాల కోసం తెచ్చిన ప్లాస్టిక్. వేడిచేసి అచ్చుపోస్తే పిస్టల్ ఆకారాన్ని అలాగే పట్టుకుంటుంది, చెమటకు చెడదు, పక్కటెముకకు తగిలితే మాత్రం దయ చూపదు. తోలు వాడేకొద్దీ ఒంటికి అలవాటవుతుంది. ముసలిదై మెత్తబడ్డాక దాని మూతి ముడుచుకుని, పిస్టల్ లోపలికి తోస్తున్నప్పుడు మడత ట్రిగ్గరుకు అడ్డం పడవచ్చు. అటువంటి తోలుకు ఉద్యోగవిరమణ ఇవ్వాలి.

‘నాల్గు గంట’ పంచాంగంలోది కాదు. బొడ్డును పన్నెండు అనుకుంటే కుడి తుంటి మూడు, వెన్నుపూస ఆరు. నాలుగంటే తుంటికి కాస్త వెనక. ఇక్కడ పూర్వపక్షం బలంగా ఉంది. పన్నెండు, రెండు మధ్య పెట్టుకోవడమే ఉత్తమమని అపెండిక్స్ వాదులు. చేతికి త్వరగా అందుతుంది, ముందువైపు కళ్లముందే ఉంటుంది, టీషర్టు కింద బాగా దాగుతుంది. నిజమే, బక్కపలచనివాడికి. కాస్త పొట్ట ఉన్నవాడు వంగి షూలేసు కట్టుకోబోతే పిడి పొట్టలోకీ, గొట్టం తొడ మొదట్లోకీ పొడుచుకుంటాయి. ఆ గొట్టం చూస్తున్న దిక్కు గురించి వంశాభివృద్ధి కోరేవారు వేరుగా ఆలోచించుకోవాలి. ‘నడుము నడిగి’ అన్నది ఇందుకే. మిత్రుణ్ణి అడిగి అనలేదు.

తక్కిన స్థానాలు త్వరగా. ఆరు గంటల చోట పెట్టుకుని వెల్లకిలా పడితే ఇనుము వెన్నుపూసకు తగులుతుంది. చంక కింది ఒర సినిమాల్లో బాగుంటుంది, పైన కోటు ఉండాలి, టెక్సస్ ఆగస్టులో కోటు వేసుకున్నవాణ్ణి చూస్తేనే పోలీసుకు అనుమానం వస్తుంది. చీలమండ ఒర కారులో కూర్చున్నంతసేపు సుఖం, పరుగెత్తాల్సివస్తే కాదు. పంచెకట్టుకు బెల్టు దూర్చే లూపులు లేవు. బెల్లీ బ్యాండ్ అనే సాగే పట్టీ ఒకటి ఉన్నది, దానిలో కూడా ట్రిగ్గరు మీద గట్టి కవచం ఉన్నదో లేదో చూసుకోవాలి.

మూడో పాదమే పద్యానికి ప్రాణం. ఒరను అందరూ అద్దం ముందు నిలబడి కొంటారు. రోజులో ఎక్కువసేపు ఆఫీసు కుర్చీలో, కారులో కూర్చుంటారు. డాలస్ నుంచి హ్యూస్టన్‌కు దాదాపు 240 మైళ్లు. అమెరికాలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు, సీటుబెల్టు బకిల్ అతని కుడి తుంటి పక్కన పడుతుంది, అంటే సరిగ్గా మూడు నాలుగు గంటల చోటే. పిడీ బకిలూ అక్కడ ఒకదానినొకటి ఒరుసుకుంటాయి, మధ్యలో తుంటి నలుగుతుంది. కాబట్టి కొట్లో సిగ్గుపడకుండా కుర్చీ అడగాలి. ఒర ఎత్తును అరంగుళం మార్చి, ఏటవాలును కాస్త ముందుకు వంచి, మళ్లీ కూర్చుని చూడాలి. కుర్చీ ఇవ్వని కొట్టు శాస్త్రం తెలియని కొట్టు.

అలంకారం విషయంలో ఒక మాట. దాచిన పిస్టల్ ధ్వనికి ఉదాహరణ అని కొందరంటారు. కుదరదు. ధ్వని సహృదయుడికి తెలియాలి, ఇది సహృదయుడికీ తెలియకూడదు. వంగినప్పుడు చొక్కా మీద పిడి ఆకారం తేలడాన్ని అక్కడివారు ‘ప్రింటింగ్’ అంటారు. వ్యంగ్యం వాచ్యమైపోయిందన్నమాట. నాలుగు గంటల స్థానానికి ఉన్న పెద్ద దోషం ఇదే, కవి దీన్ని దాచాడు.

శంక: సుఖం గురించిన పద్యంలో ట్రిగ్గరు ప్రసక్తి ఎందుకు? సమాధానం: అన్నిటికంటె సుఖమైనది ఒర లేకపోవడమే, అందుకు. దృష్టాంతం అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు ప్లాక్సికో బర్రెస్. 2008 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌ను న్యూయార్క్ జెయింట్స్‌కు గెలిపించిన క్యాచ్ పట్టింది ఇతనే. అదే ఏడాది నవంబరులో మాన్‌హట్టన్ నైట్‌క్లబ్బుకు, మెత్తటి స్వెట్‌ప్యాంటు నడుములో గ్లాక్‌ను ఒట్టిగా దోపుకుని వెళ్లాడు. అది ప్యాంటు కాలిలోకి జారింది, పేలింది, కుడి తొడకు తగిలింది. న్యూయార్క్‌లో లైసెన్సు కూడా లేకపోవడంతో 2009లో రెండేళ్ల శిక్ష పడింది. గ్లాక్‌కు వేలితో తిప్పే సేఫ్టీ మీట ఉండదు, ఉన్న రక్షణ ప్రధానంగా ట్రిగ్గరును ఏదీ నొక్కకపోవడమే. స్వెట్‌ప్యాంటు మాత్రం చాలా సుఖంగా ఉండి ఉంటుంది.

ఛందస్సు: బె-భే, న-నా, ని-ని, ము-మూ యతులు సరిపోయాయి. నాలుగో పాదంలో ‘ట్రి’ అనే సంయుక్తాక్షరానికి ముందున్న ‘దు’ గురువవుతుందనీ, గణం చెడిందనీ ఆక్షేపించేవారున్నారు. వేరే పదం, అందులోనూ రేఫ, తేల్చి పలకవచ్చు. ట్రిగ్గరును ఒత్తి పలకమని ఏ లాక్షణికుడూ చెప్పలేదు.