వెనక చక్రం

లారీకైనా విమానానికైనా నడిపేవాడు ముందు కూర్చోవడం మర్యాద. సాల్మన్‌కి ఈ మర్యాద తెలీదు. అది పడవ వెనకాలే గేలానికి పడుతుంది.

సియాటిల్ పక్కన ప్యూజెట్ సౌండ్‌లో తిరిగే చిన్న చేపల పడవల్లో చాలావాటికి ముందు భాగంలో అద్దాల గది ఉంటుంది. అక్కడి వానకి అది తప్పదు. లోపల హీటరు, వైపరు, కాఫీ కప్పు పెట్టుకునే చోటు. అందులో కూర్చున్నవాడికి ముందున్న దీవులన్నీ కనిపిస్తాయి గానీ వెనకాల వంగుతున్న గేలపుకర్ర కనిపించదు. అందుకని కొందరు వెనక డెక్కు మీద ఇంకో స్టీరింగు, ఇంకో థ్రాటిల్ బిగించుకుంటారు. మన ఉప్పాడ తీరంలో చుక్కాని పట్టినవాడు మొదట్నుంచీ వెనకే ఉన్నాడు. వీళ్ళేమో అతన్ని ముందుకి తెచ్చి, గది కట్టి, వెచ్చబెట్టి, మళ్ళీ వెనక్కి పంపడానికి విడిగా డబ్బు కడుతున్నారు!

మా బావ కూడా కట్టాడు. కట్టిన రోజు నుంచీ వెనక స్టేషను మా అక్కది.

హైడ్రాలిక్ స్టీరింగులో రెండు చక్రాలూ నూనె గొట్టాలతో ఒకే సిలిండరుకి కలుస్తాయి. రెండూ ఎప్పుడూ పనిచేస్తాయి. ఒకటి తిప్పితే రెండోది కదలదు కనక అవతలివాళ్ళ నిర్వాకం ఇవతలికి తెలీదు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ మాత్రం మీట నొక్కిన స్టేషను మాటే వింటుంది. దిక్కు ఉమ్మడి ఆస్తి, వేగం మీట నొక్కినవాళ్ళ స్వార్జితం.

సాల్మన్ కోసం గంటకి రెండు మూడు మైళ్ళు మించి పోకూడదు. సీసపు గుండు కట్టిన తీగ ఎరని లోతుకి దింపుతుంది. వేగం పెరిగితే గుండు వెనక్కి తేలి ఎర పైకొచ్చేస్తుంది. తీగ వాలు చూస్తూ నడపాలి. తీగ వెనక, అక్క వెనక, బావ కాఫీ దగ్గర.

"ఏమండీ, చక్రం ముట్టుకున్నారా?"

"లేదే!"

"మరి పడవ ఎడమకెందుకు పోతోంది?"

"అలవాటుగా చెయ్యి పడిందేమో."

26 అడుగుల లోపు పడవలు జోరుగా పోయేటప్పుడు, ఇంజను ఆపే తాడు నడిపేవాళ్ళ ఒంటికి ఉండాలని 2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికాలో చట్టం. ప్రధాన స్టీరింగు మూసిన గదిలో ఉంటే మినహాయింపు. అలా చట్టం బావని వదిలేసింది. అక్క వదల్లేదు. తాడు లేకుండా వెనక చక్రం ముట్టుకోకూడదంది. తాడు ఒకటే ఉంది. అది ఎప్పుడూ అక్క నడుముకే ఉంటుంది.

మొన్న పాసెషన్ బార్ అనే చోట పెద్ద చినూక్ సాల్మన్ పడింది. అది ప్రొపెల్లరు వైపు మళ్ళినప్పుడల్లా అక్క గేరు వేసి పడవని పక్కకి తిప్పుతూ, మళ్ళీ తీసి రీలు చుడుతూ దగ్గరికి లాగింది. తోకకి ముందు వీపు మీదుండే బుల్లి రెక్క చెక్కుచెదరలేదు. హేచరీలో పెంచి వదిలే చేపల్లో చాలావాటికి ఆ రెక్క కత్తిరిస్తారు. రెక్కున్నది ఏట్లో తనంతట పుట్టినట్టు లెక్క, పడవలోకి ఎక్కించకుండానే వదిలెయ్యాలి. ముల్లు లేని కొక్కెం కనక ఇట్టే ఊడింది.

గదిలోంచి బావ కేక: "పులుసుకి చింతపండు నానెయ్యనా?"

"ముందా చక్రం మీంచి చెయ్యి తియ్యండి!"