జంట రోకళ్ల సంబరము

మొన్న ఆదివారము, భోజనమునకును కాఫీకిని నడుమ నుండు గంటన్నర కాలములో, మా మేనల్లుడు నాకు ఆరు మెదళ్లను దానము చేసినాడు. దానము పుచ్చుకొన్న నేను ఆ సమయమున నిద్రలో నుంటిని. లేచి చూచునప్పటికి వాడు నా కంప్యూటరు ముందు కూర్చుండి, దానిని ఆర్పి వెలిగించుట, డిలీట్ మీటను టకటక నొక్కుట, బయోసు తెర కనబడగానే ఎస్.ఎం.టి. యని యున్నచోట నేదో మార్చి ఎఫ్ 10 నొక్కుట మొదలగు క్రియాకలాపమునంతను సంధ్యవార్చు వాని నిష్ఠతో ముగించి, "మామయ్యా! నీది ఆరు కోర్ల మిషన్ అనుకున్నావు కదూ? ఇప్పుడు పన్నెండు. పైసా ఖర్చు లేకుండా డబుల్ చేసి పెట్టాను" అని ప్రకటించెను.

అంతటితో ఊరకుండక, టాస్క్ మేనేజరు తెరచి, అందులో ఒక్క గడిగా నున్న పటమును పండ్రెండు చిన్న గడులుగా విడదీసి, తన తల్లిని, మా యావిడను, పాలు పొంగునేమో యని పొయ్యి దగ్గర నిలుచున్న వంటమనిషిని సైతము పిలిచి చూపించినాడు. ఆ గడుల దిగువన "కోర్లు: 6" అని యొక పంక్తియు, "లాజికల్ ప్రాసెసర్లు: 12" అని దాని క్రింద వేరొక పంక్తియు స్పష్టముగనే యున్నవి. యంత్రము సత్యవాది గనుక రెండును చెప్పినది; మావాడు మొదటి పంక్తిని బొటనవ్రేలితో కప్పి రెండవదానిని మాత్రమే చదివినాడు. పాలు పొంగిపోయినవి.

కర్మాగారము నుండి వచ్చినప్పుడు సాధారణముగా వెలుగుచునే యుండు ఈ ఎస్.ఎం.టి. మీట నా యింట ఆరిపోవుటకు కారణము, నిరుడు మా మేడ మీద అద్దెకుండిన విద్యార్థి యొకడు. "అంకుల్, ఇది ఆపితేనే గేమ్స్ స్మూత్‌గా ఆడతాయి" అని అతడు నా కంప్యూటరుపై నాకు సంబంధము లేని ఆటల నాడుకొనుటకై దీని నార్పి పోయెను. ఒకడార్పును, ఒకడు వెలిగించును. ఇరువురును నన్నుద్ధరించితిమనియే చెప్పుదురు. దీపమును నాదే, చమురును నాదే.

ఇంతకును ఆ మీట చేయునదేమి? ప్రాసెసరులోని కోరు ఒక కూడిక చేయుటకు గడియారపు టిక్కు ఒకటి చాలును. కాని ఆ కూడవలసిన అంకె దగ్గరనున్న క్యాషెలో లేక దూరమున నున్న ర్యాము నుండి రావలసి వచ్చినచో, వందల కొలది టిక్కులు చేతులు ముడుచుకొని కూర్చుండవలసినదే. ఆ తీరిక సమయమున వేరొక పనిని అదే కోరు చేత చేయించుకొనుటయే ఈ విద్య. పెండ్లిపనులకు నాంది పలుకుచు ముత్తైదువలు పసుపు దంచుటను చూచిన వారికి దీనిని బోధించుటకు ఇంజనీరింగు కళాశాల యక్కరలేదు. రోలొక్కటే, రోకళ్లు రెండు. మా పెద్దమ్మ రోకలి పైకి లేచునప్పుడు మా పిన్ని రోకలి క్రిందికి దిగును. రోలు ఖాళీగా నుండదు, కొమ్ములు వేగముగా నలుగును. ఇది మంచి యేర్పాటే. అయితే లయ తప్పి రెండు రోకళ్లును ఒక్కమారే దిగినచో ఒకదాని నొకటి కొట్టుకొని యిద్దరును ఆగవలసి వచ్చును. రోలు చిన్నదై యిద్దరి కొమ్ములును అందులోనే పోసినచో సగము నేలపాలగును. క్యాషె యను ఆ గుంట ఇద్దరికిని ఉమ్మడిదే గాని యొక్కొక్కరికి వేర్వేరుగా లేదు. పసుపు దంచిన ఆ మధ్యాహ్నమంతయు "మన యింట రెండు రోళ్లున్నవి" అని మా పెద్దమ్మ ఎవరితోడను అనినట్లు నాకు జ్ఞాపకము లేదు.

ఆరుగురు కూలీలతో కాలువ త్రవ్వించి మస్టరులో పండ్రెండు పేర్లు వ్రాసిన గుత్తేదారును మనము దొంగ యందుము. ఆరు కోర్లను చూపి పండ్రెండని చెప్పువానిని సాంకేతిక నిపుణుడందుము.

ఈ విద్యను కనిపెట్టిన వారు మాత్రమిట్లు గప్పాలు కొట్టలేదు. వాషింగ్టను విశ్వవిద్యాలయమునకు చెందిన టల్సెన్, ఎగ్గర్స్, లెవీ అను మువ్వురు 1995లో దీనిని ప్రతిపాదించినప్పుడు, కోరులో వృథా యగుచున్న పనిముట్లను పనిలో పెట్టుటెట్లు అని మాత్రమే విచారించిరి. 2002లో ఇంటెల్ వారు హైపర్‌థ్రెడింగు అను గంభీరనామముతో దీనిని మొదట సర్వర్లకును, ఆ నవంబరులో 3.06 గిగాహెర్ట్జుల పెంటియం 4 రూపమున ఇండ్లకును తెచ్చినప్పుడు సైతము, వారి ఇంజనీర్లు వ్రాసినది చిప్పు వైశాల్యము 5 శాతము లోపుగా పెరుగుననియు, ఫలితము 30 శాతము వరకు హెచ్చవచ్చుననియు మాత్రమే. ఆ "వరకు" అను పదము మీద పాఠకులు ఒక్క క్షణము నిలువవలెను. ఆషాఢమాసములో బట్టల దుకాణము ముందు వ్రేలాడు "50 శాతము వరకు తగ్గింపు" అను గుడ్డను చూచి లోనికి పోయి, మనకు నచ్చిన చీర ఆ "వరకు"లో ఎన్నడును లేకుండుటను అనుభవించిన జాతి మనది. అట్టి మనమే కంప్యూటరు దగ్గరకు వచ్చునప్పటికి "వరకు"ను పారవేసి, ముప్పదిని నూరు చేసి, ఆ నూటిని మేనమామలకు దానము చేయుచున్నాము.

ఇంజనీరు చెప్పినది వర్తకుని చేతికి వచ్చునప్పటికి ఏమగునో చూడవలెనన్నచో 2010కి పోవలయును. ఆ యేడు ఇంటెల్ వారు పెంటియం జీ6951 అను ప్రాసెసరులో హైపర్‌థ్రెడింగును, కొంత క్యాషెను ఉండియు లేనట్లుగా బిగించి యమ్మి, పిమ్మట అమెరికాలో 50 డాలర్ల కార్డు నొకదానిని కొని దాని మీది సంఖ్యను నమోదు చేసినవారికి ఆ బిగింపును వదలించిరి. ఇల్లమ్మిన పెద్దమనిషి ఒక గదికి తాళము వేసికొనిపోయి, "గది మీదే, గోడలు మీవే, తాళపుచెవి మాత్రము వేరుగా కొనుక్కొనుడు" అన్నట్లున్నది ఈ వ్యవహారము. జనులు నవ్విరో కోపించిరో గాని, మరుసటి సంవత్సరమే ఆ దుకాణము మూతపడినది. నా మేనల్లుడు పైసా ఖర్చు లేకుండ వెలిగించితినని గర్వపడుటలో ఈ పూర్వచరిత్రను బట్టి కొంత న్యాయము లేకపోలేదు.

ఒకే రోటిలో దంచుటయందు మరియొక చిక్కున్నది. ప్రక్కనున్నామె ఏమి దంచుచున్నదో రోకటి అదురును బట్టి తెలిసికొనవచ్చును. కాలిన్ పెర్సివల్ అను నతడు 2005లోనే, ఉమ్మడి క్యాషెలో కలుగు కాలభేదములను మాత్రమే గమనించి, ప్రక్క థ్రెడ్డులో, అనగా అదే కోరు చేయుచున్న రెండవ పనిలో, నడచుచున్న రహస్యలిపి తాళపుచెవిని రాబట్టవచ్చునని నిరూపించెను. పదమూడేండ్లు గడచినవి. 2018లో ఇంటెల్ చిప్పులలో వరుసగా బీటలు బయటపడగా, ఓపెన్‌బీఎస్‌డీ అను ఆపరేటింగ్ సిస్టము వారు ఆ యేడు జూనులో ఈ మీటను తామే ఆర్పివైచిరి. 2019లో క్రోమ్ ఓఎస్ వారును అదే బాట పట్టిరి. నా వ్యాసముల చిత్తుప్రతులను దొంగిలించుటకు అంత శ్రమపడు దొంగ భూమి మీద నుండునా యని నాకు సందేహమే గాని, బ్యాంకు పనిని సైతము నేనీ యంత్రము మీదనే చేయుచున్నాను.

ఇంకను వినుడు. ఇరువది రెండేండ్లుగా ఈ రోకటిపాట పాడిన ఇంటెల్ వారే 2024 అక్టోబరులో గృహములకు విడుదల చేసిన కోర్ అల్ట్రా 200ఎస్ ప్రాసెసర్లలో, చోటును విద్యుత్తును పొదుపు చేయుటకని దీనిని మొత్తముగా తొలగించివేసిరి. వారి పోటీదారులగు ఏఎండీ వారు మాత్రము 2017లో రైజెన్ ప్రాసెసర్లతో పట్టుకొన్న రోకలిని ఇంకను వదలలేదు. ఇక మా మేనల్లునికి కొత్త ఇంటెల్ ప్రాసెసరు దొరకినచో, హైపర్‌థ్రెడింగు లేకపోవుటయే దాని ఘనత యని ఇదే కంఠముతో నాకు బోధించుననుటలో నాకు లేశమాత్రమును సంశయము లేదు.

ఆనాటి సాయంకాలము పరీక్ష పెట్టితిమి. మా అక్క గృహప్రవేశపు వీడియోను చిన్నదిగా కుదించు పని మీట ఆర్పియుండగా నలుబది నిమిషములు పట్టెను. వెలిగించిన పిమ్మట ముప్పదిరెండు. ఎనిమిది నిమిషములు మిగిలినవి, అది లాభమే, కాదనను. ఇట్టి పనులు చేయువారు దానిని వెలిగించియే యుంచుకొనవలెను. డబుల్ అయినచో ఇరువది నిమిషములే పట్టవలెను గదరా యని అడిగినందుకు, మావాడు చాలసేపు ఆలోచించి, "ఆ వీడియో తీసినవాడికే పని రాదు మామయ్యా" అనెను.

మీటను వెలుగుచుండగనే వదలివేసితిని. ఈ వ్యాసమును టైపు చేయునంత సేపును టాస్క్ మేనేజరును ప్రక్కన తెరచి యుంచితిని. పండ్రెండు గడులలో ఒకటి అప్పుడప్పుడు కొంచెము కదలినది. తక్కిన పదునొకండును ఖాళీగా నున్నవి.