మట్ట అడుగున నా కాపలా

నేను గొనియోజస్‌ని. కందిరీగల జాతిలో పుట్టినా, చూపుకి సన్నపాటి నల్లచీమలా ఉంటాను. నాలాంటివాళ్లను వ్యవసాయ శాస్త్రం బదనికలంటుంది. నా సంతానానికి ఆధారం కొబ్బరిని పాడుచేసే నల్లతల గొంగళి పురుగు. అది ఆకు అడుగున చేరి పచ్చదనం గీకి తింటుంది. తన రెట్టనే పట్టుదారంతో అల్లి సొరంగం కట్టుకుని అందులోనే కాపురముంటుంది. ముదురు మట్టలతో మొదలుపెట్టి పైకి పాకుతుంది, ముదిరితే తోటంతా మాడినట్టు కనబడుతుంది. పొడుగు చెట్లకు మందు కొట్టడమే కష్టం, కొట్టినా ఆ సొరంగంలోకి సరిగా చేరదు. పురుగుకు రక్షణైన ఆ గూడే దాని వాసనతో నన్ను పిలుస్తుంది. లోపలికి దూరి, పురుగును కుట్టి కదలనివ్వకుండా చేసి, దాని ఒంటిమీదే గుడ్లు పెడతాను. పిల్లలు దాన్ని పీల్చుకుని ఎదిగేదాకా పక్కనే కాపలా కాస్తాను. దాక్కున్న శత్రువును పట్టాలంటే ఆ చాటులోకి దూరగలిగినవాళ్లే కావాలన్నది నా వాదన.

ఇంత చిన్న ప్రాణి ఎప్పటికి చంపేను అంటారు కొందరు. గుడ్డు నుంచి రెక్కల పురుగయ్యేదాకా నల్లతల పురుగుకు సుమారు 2 నెలలు పడుతుంది, నాకు 2 వారాలు చాలు. దాని ఒక తరంలో నావి మూడు నాలుగు తరాలు. అయినా ఎండాకాలంలో అది విజృంభిస్తే నా సంఖ్య వెనకబడుతుంది; ఆ లోటు పూడ్చడానికే అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానంలో బదనికలను పెంచి రైతులకిస్తారు. అన్నీ నేనొక్కదాన్నే చేయలేనన్నదీ నిజమే. నేను పట్టేది ఎదిగిన గొంగళినే. అక్కడ బ్రాకన్ అనే మరో బదనిక నాకు తోడు, ప్యూపాల సంగతి బ్రాకిమేరియా అనే ఇంకో బదనిక చూసుకుంటుంది. బాగా దెబ్బతిన్న కింది మట్టలు ముందే నరికి కాల్చేసి, ఆ తర్వాత మమ్మల్ని వదిలితే పని తేలికవుతుంది.

వేరు ద్వారా మందు ఎక్కిస్తే పోలేదా అని మరో మాట. పురుగు చస్తుంది, కాదనను. కానీ ఎక్కించాక 45 రోజులు కాయ దింపకూడదు. దింపు మీద బతికే ఇంటికి అది చిన్న గడువు కాదు. పైగా పురుగు మళ్లీ వస్తే మళ్లీ కొనాలి. నేనైతే పురుగున్నంతకాలం తోటలోనే పెరుగుతాను. ఒక్క షరతు: అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు చిన్న కమతాల్లో ఒక తోట మట్టలు పక్క తోటలోకి వాలి ఉంటాయి. ఒకరు నన్ను వదిలి, పక్కవారు మందు కొడితే ముందు పోయేది నేనే. గట్టుకు ఇరువైపుల రైతులూ మాట్లాడుకుని ఒకేసారి వదలాలి, వదిలాక మందు డబ్బా పక్కన పెట్టాలి.