మేష్టారి నిశానీ

పరవాడ మండలంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను బొటనవేలికి బద్ధశత్రువుని. తొంభైల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు రాత్రిబడిలో పెట్రోమాక్స్ దీపం కింద నేను చెప్పిన పాఠం ఒక్కటే: గుణింతాలు రాకపోయినా ఫర్వాలేదు, సంతకం రావాలి. నిశానీ వెయ్యడం పరువు తక్కువని ఎంతలా నూరిపోశానంటే, ఓ ముసలమ్మ బ్యాంకులో గుమస్తా ముందుకి జరిపిన స్టాంపు ప్యాడ్‌ని వెనక్కి నెట్టేసి, తన పేరులోని అక్షరాలన్నీ ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ రాసింది. ఆవిడ వెనకాల నిలబడ్డవాళ్లంతా నన్ను తిట్టుకున్నారు. నేను మాత్రం కాలరెగరేశాను.

ఆ ముసలమ్మ ఇప్పుడుంటే కడుపుబ్బా నవ్వేది. ఎమ్మే బీఈడీ చదివి, ఆకుపచ్చ సిరాతో ఎంతమంది సర్టిఫికెట్ల మీదో సంతకాలు గిలికి రిటైరైన వాణ్ణి. కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లాలనేసరికి నా సంతకం ఎవరికీ అక్కర్లేకపోయింది. వేళ్లు తెమ్మన్నారు. ఒకటీ అరా కాదు, పదీ.

నిజానికి అమెరికావాళ్లకి మొదట్లో ఇంత ఆశ లేదు. 2004 జనవరి 5న విమానాశ్రయాల్లో ఈ పని మొదలెట్టినప్పుడు రెండు చూపుడువేళ్లూ, ఒక ఫొటోతో సరిపెట్టుకున్నారు. 2007 చివరి నుంచి పది వేళ్లకి ఎగబాకారు. ఆ ఏడాదే నవంబరు 20 నుంచి జపాను అందుకుంది. విశాఖ నుంచి నేరుగా విమానం ఎక్కి వెళ్లే సింగపూరు 2016లో బొటనవేళ్లు అడగడం మొదలెట్టింది. 2025 అక్టోబరు 12 నుంచి ఐరోపా దేశాలూ దుకాణం తెరిచాయి. మా పరవాడ మాత్రం 2022 ఏప్రిల్లో ఉన్నచోటు నుంచి అంగుళం కదలకుండా విశాఖ జిల్లా దాటి అనకాపల్లి జిల్లాలోకి వచ్చేసింది. ఎవడూ మా చిటికెనవేలైనా అడగలేదు.

అమెరికాలో ఈ వేళ్ల వ్యవహారానికి వయసు పరిమితి ఉంది. పద్నాలుగు నిండని పిల్లల్నీ, డెబ్భై తొమ్మిది దాటిన పెద్దల్నీ వదిలేస్తారు. ఈ మాట మా ఊరి రావిచెట్టు కింద చెబితే, ఎనభై దాటిన పెద్దాయన ఒకాయన నొచ్చుకున్నాడు. "అంటే మేష్టారూ, నానింక ఏ దొంగతనానికీ పనికిరానని ఆళ్ల ఉద్దేశమేటి?" అన్నాడు. 2025 డిసెంబరు 26 నుంచి వయసుతో పని లేకుండా విదేశీయులందరికీ రానూపోనూ ఫొటో తియ్యొచ్చని నిబంధన పెట్టారు కాబట్టి, ఆయన మొహానికైనా గౌరవం దక్కిందని సర్దిచెప్పాను.

వీసా కోసం హైదరాబాదు రైలెక్కాం. నేనూ, మా ఆవిడా, మా వియ్యపురాలూ. కోడలికి నెలలు నిండుతున్నాయి కాబట్టి పురుడు పొయ్యడానికి వియ్యపురాలు, పురుడు పోస్తుంటే చూడ్డానికి మేము. వియ్యపురాలిది పరవాడ పక్కనే పల్లె. కలుపు తీసి, కంది నూర్చి, పుట్టెడు గిన్నెలు బూడిదతో తోమిన చెయ్యి ఆవిడది. రాత్రిబడికి రమ్మని ఆ రోజుల్లో ఎన్నిసార్లు కబురంపినా "గేదెకి గడ్డెవరేస్తారు?" అని ఎగ్గొట్టిన మనిషి. ఈవిడ వేళ్లు ఏ యంత్రమూ గుర్తుపట్టదని నేను రైల్లోనే దిగులు పడ్డాను.

అక్కడ జరిగింది వేరు. ఎడమచేతి నాలుగు వేళ్లూ అద్దం మీద పెట్టమన్నారు. తర్వాత కుడిచేతివి, ఆఖర్న రెండు బొటనవేళ్లూ జోడీగా. ఆవిడ మూడు దెబ్బల్లో పని ముగించి పక్కకి జరిగింది. నా వేళ్లకి మాత్రం యంత్రం ఎర్రదీపం చూపించింది. మళ్లీ పెట్టాను. మళ్లీ ఎరుపు. వయసు మీదపడితే చర్మం ఎండి గీతలు పలచబడతాయట. నా మట్టుకు నేను ఆ పాపంలో సగం సుద్దముక్కలదే అంటాను. పింఛను కోసం ఏటేటా బతికే ఉన్నానని రుజువు చేసుకోవాల్సి వచ్చినప్పుడు కూడా కన్ను చూపించి బయటపడుతున్నవాణ్ణి. ఇక్కడ కన్నడగలేదు.

వియ్యపురాలు చూసి చూసి ఇక ఉండబట్టలేకపోయింది.

"అలగ కాదు అన్నయ్యగారూ. ముందు తడి నేకుండా తుడుసుకోండి. ఇప్పుడు ఏళ్లు నెత్తిమీద రాసుకోండి. ఆ, నూనె అంటాల. గోరు కాడ కాదు, బొద్దు భాగం ఆనించండి. నొక్కీకండి, ఊరికే ఒగ్గీయండి. ఊపిరి బిగబట్టండి."

నెత్తిమీద రాసుకుని, ఊపిరి బిగబట్టి, వేళ్లు ఆనించాను. పచ్చదీపం.

ఈ విద్య ఎక్కడ నేర్చారమ్మా అంటే, "డిపోలో" అంది. రేషన్ డిపోల్లో వేలిముద్ర యంత్రాలు వచ్చింది 2015 ప్రాంతంలో. అప్పటి నుంచీ నెలనెలా ఆవిడ ఆ పెట్టెతో కుస్తీ పడుతోంది. అరిగిపోయిన వేలితో, వెనకాల సంచులు పట్టుకుని కసురుకునే జనంతో, మధ్యలో పోయే నెట్‌వర్కుతో. ఇంకా ఫార్మా సిటీ గేట్లు, సిమ్ కార్డులు, ఇంటికొచ్చి పింఛనిచ్చే సచివాలయం పిల్లలు. మా మండలంలో కష్టం చేసుకునేవాళ్లంతా ఈ పనిలో ఆరితేరారు. సంతకం నేర్చుకుని చెడిపోయిన మాబోటి వాళ్లమే వెనకబడ్డాం.

సరే, అమెరికాలో దిగాం. ఇమిగ్రేషన్ దగ్గర లైను సింహాచలం చందనోత్సవం లైనంత ఉంది. ఖాళీగా నిలబడితే నాకు నోరు ఊరుకోదు. వియ్యపురాలికి వేలిముద్రల చరిత్ర అందుకున్నాను.

"అమ్మా, ఈ తంతు మన దేశంలోనే పుట్టింది. 1858లో బెంగాల్లో హెర్షెల్ అని ఓ దొర ఉండేవాడు. రాజ్యధర్ కోనాయ్ అనే ఆయనతో ఒప్పందం రాయించుకుని, రేపు మాట తప్పుతాడేమోనని ఆఫీసు ముద్రకి వాడే సిరా పూసి అరచెయ్యి మొత్తం కాగితం మీద వేయించాడు."

"ఆడికేటిచ్చారు?"

"రోడ్డు పనికి సరుకు సరఫరా చేసే కాంట్రాక్టు."

"అయితే నష్టం నేదు."

తర్వాత 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టిన సంగతి చెప్పాను. అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనే ఇద్దరు మన ఉద్యోగులు గీతల్ని 1,024 అరలుగా విడగొట్టే లెక్క కట్టారు. పద్ధతికి పేరు మాత్రం వాళ్ల పైఅధికారి హెన్రీ దొరది. ఇది విని ఆవిడ ఆశ్చర్యపోలేదు. పొలం ఒకరు దున్నితే పాస్‌బుక్కు ఇంకొకరి పేరున ఉండటం ఆవిడకి కొత్త కాదు.

లైను కాస్త జరిగింది. గాంధీగారి దగ్గరికొచ్చాను. మన విశాఖ జిల్లా నుంచి కూడా ఎంతోమంది ఓడలెక్కి నేటాలు చెరకు తోటల్లో కూలికి వెళ్లిన రోజులవి. ఆ పక్కనే ట్రాన్స్‌వాల్లో ఇండియావాళ్లంతా వేలిముద్రలతో పేర్లు నమోదు చేయించుకోవాలని చట్టం తలపెట్టారు. 1906 సెప్టెంబరు 11న జొహానెస్‌బర్గులో గాంధీగారు సభ పెట్టించి, అందరిచేతా ఒట్టు వేయించి ఎదురు తిరిగారు.

"ఆయనకేటిచ్చారు?"

"జైలు. తర్వాత రాజీ కుదిరి, ఎవరూ బలవంతపెట్టకుండా తనంతట తానే ముద్రలు ఇవ్వడానికి బయల్దేరితే, 1908 ఫిబ్రవరిలో మనవాళ్లే దారిలో అడ్డగించి చావగొట్టారు."

"ఇవ్వనంటే ఆళ్లు, ఇత్తానంటే ఈళ్లు" అని నిట్టూర్చింది. గాంధీగారి మీద నేను చదివిన లావుపాటి పుస్తకాల్లో ఇంత పొట్టి వాక్యం దొరకలేదు.

మా ఆవిడ ఆపమని సైగ చేసింది గానీ బ్రెజిల్ కథ మింగడం నావల్ల కాలేదు. 2004లో అమెరికా వేళ్లడగబోతోందని తెలియగానే బ్రెజిల్లో ఒక జడ్జిగారికి రోషం వచ్చింది. మా వాళ్ల వేళ్లు మీరు తీసుకుంటే మీ వేళ్లు మేం తీసుకుంటామని అమెరికన్లకి ముద్రలూ ఫొటోలూ తప్పనిసరి చేశారు. ఓ అమెరికా పైలట్ ఫొటో దిగుతూ, పట్టుకోమన్న కాగితం మీద మధ్యవేలు ఒక్కటే పైకి లేపి చూపించాడు. వెంటనే అరెస్టు.

"ఆడికేటిచ్చారు?"

"వాడే ఇచ్చాడమ్మా. సుమారు 12,750 డాలర్ల జరిమానా."

ఆవిడ తన మధ్యవేలు ఒకసారి ఎగాదిగా చూసుకుని చీరకొంగు కింద దాచేసింది.

"మరి మనోళ్లు? ఊరుకున్నారేటి?"

ఊరుకోలేదని చెప్పాను. ఈ-వీసా పుచ్చుకుని వ్యాపారం మీద మన ఫార్మా సిటీ దాకా వచ్చే విదేశీయుడైనా మన ఇమిగ్రేషన్ కౌంటర్లో వేళ్లు పెట్టి, ఫొటో దిగే రావాలి. "అయితే సరే" అని ఆవిడ తృప్తిగా కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. అప్పటికి మా వంతు వచ్చింది.

ఆఫీసరు కుర్రాడు మా కోడలి కంటే చిన్నవాడిలా ఉన్నాడు. వియ్యపురాలు ముందుకెళ్లి, ఎవరూ చెప్పకుండానే నెత్తిమీద చేతులు రాసుకుని వేళ్లు ఆనించింది. ఆ కుర్రాడికి అదేదో మన సంప్రదాయ నమస్కారం అనిపించిందో ఏమో, తనూ తలొంచాడు. కెమెరా వైపు చూడమంటే పెళ్లి ఫొటోకి నిలబడ్డట్టు కొంగు సర్దుకుని నిలబడింది. తర్వాత నేను, మా ఆవిడ. వియ్యపురాలు పక్కనుంచి "బొద్దు భాగం, బొద్దు భాగం" అంటూనే ఉంది. అందరికీ పచ్చదీపమే.

ఎందుకొచ్చారు, ఎక్కడుంటారు, ఎప్పుడు వెళ్తారు. తడుముకోకుండా చెప్పాను. మూడు పాస్‌పోర్టులూ వెనక్కి ఇచ్చి ఆరు నెలలు ఉండొచ్చన్నాడు. ఆ మాటే వియ్యపురాలికి తెలుగులో చెప్పాను. ఆవిడ కౌంటరు దగ్గర నుంచి కదల్లేదు.

"పదేళ్లూ ఇస్తే ఆరు నెల్లేనా? డిపోలో ఒక్క ఏలికే నెలకి సరిపడా బియ్యమిత్తారు. అడగండి అన్నయ్యగారూ. కావాలంటే కాలి ఏళ్లు కూడా ఇత్తాను, ఏడాది రాయమనండి. అన్నప్రాసన చూసుకుని ఎల్తాను."

మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది, అడగమనే.