సైకిలారోహణ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

పీఠికాపురంలో, అంటే మన పిఠాపురంలో, కారు కొన్న ఇంట ఏదో ఒక ఆదివారం పొద్దున్న పుట్టే చాటువు ఇది. కర్త ఎవరని అడగవద్దు. సైకిళ్లు మూడు, కారు ఒకటి, మారేడుమిల్లి ఘాటీలో తొక్కాలన్న కోరిక ఒకటి ఉన్నవారెవరైనా దీనికి కర్తలే. మెతుకుసీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్యానం రాస్తూ, మూలంలో లేనిదీ అక్కర్లేనిదీ రాయనని మాటిచ్చాడు. ఆయనకు కారు లేదు. సైకిలు ర్యాకు కొనేవాడికి, కొట్టువాడు అక్కర్లేదని వదిలేసిన ముక్కే నడిరోడ్డు మీద అక్కరకొస్తుంది. అందుచేత ఈ టీకాకారుడు అలాంటి మాట ఇవ్వడం లేదు.

మూలము

ఆ. కప్పుపైన నెత్త గాలికి నూఁగును
వెనుకఁ గట్ట బండి పేరు దాఁగుఁ
దోకఁ గొక్కె మున్న దొరలకుఁ జెల్లును
మూఁడు దారులందు ముక్తి యేది?

టీక

కప్పుపైనన్ = కారు నెత్తిమీద; ఎత్తన్ = సైకిలును ఎక్కించినచో; గాలికిన్ = హైవే ఎక్కగానే కొట్టు ఎదురుగాలికి; ఊఁగును = కదలును, నడుపువాని గుండెను గూడ కదల్చును; వెనుకన్ = డిక్కీ తలుపుమీద; కట్టన్ = పట్టీలతో బిగించినచో; బండి పేరు = నంబరు ప్లేటు (పోలీసువారు బండిని పిలుచు పేరు అదియే కనుక); దాఁగున్ = మరుగుపడును; తోకన్ = బంపరు క్రింద; కొక్కెము ఉన్నన్ = ట్రైలరు తగిలించు ఇనుప కొక్కెము ఉన్నయెడల; దొరలకున్ = అమెరికాలో అల్లుడు గలవారికి; చెల్లును = తగును; మూఁడు దారులందున్ = ఈ మూడు విధములలో; ముక్తి = సైకిలుకుగాని కారుకుగాని గీత పడకుండ ఇల్లు చేరుట; ఏది = అర్థము స్పష్టము, జవాబు మాత్రము కాదు.

తాత్పర్యము

సైకిలును కారు మీద తీసుకెళ్లే సాధనాలు మూడు. కప్పుమీద పెడితే గాలి, వెనక కడితే చట్టం, కొక్కేనికి తగిలిస్తే ఖర్చు అడ్డొస్తాయి. ఏది మేలో చెప్పకుండా కవి ప్రశ్న వేసి తప్పుకున్నాడు. కవులకది మామూలే.

విశేషములు

మొదటి పాదంలో "గాలి" అన్నది ఊరికే పాదపూరణకు వేసిన మాట కాదు. గాలి అడ్డు వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. నలభైలో ఉన్న అడ్డు ఎనభైకి వెళ్లేసరికి రెండింతలు కాదు, నాలుగింతలు. పెట్రోలు బంకులో ఈ పాదానికి అర్థం ఇంకా బాగా బోధపడుతుంది. బరువు లెక్క మరొకటి. చాలా కార్ల కప్పులు మోయగలిగేది 50 నుంచి 75 కిలోల లోపే, కచ్చితమైన అంకె కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకాన్ని డాష్‌బోర్డు అరలోంచి ఎన్నడూ బయటికి తీయకపోవడం మన ఆచారం. 50 కిలోల కప్పే అనుకుందాం. అడ్డకడ్డీలు అయిదు కిలోలు, ఒక్కో సైకిలు పట్టే పట్టె నాలుగు, ఒక్కో గేర్ల సైకిలు పదిహేను. రెండు సైకిళ్లకు 43 అయింది. మూడోది ఎక్కిస్తే 62. అంటే మూడోవాడు ఇంట్లో ఉండాలి, లేదా వాడి సైకిలు ఉండాలి. కప్పు పక్కన వెండిరంగులో మెరిసే పట్టాలు చూసి మురిసిపోవద్దు. కొన్ని కార్లకు అవి అలంకారమే, బరువు మోసేవి కావు. అలంకారశాస్త్రంలో దీనికి భ్రాంతిమంతమని పేరు.

ఇక "ఎత్త" అన్న చోట కవి ఒక కష్టాన్ని దాచేశాడు. పొద్దున్న ఎత్తడం వేరు, ఘాటీలో తొక్కి తొక్కి తొడలు పట్టేశాక సాయంత్రం పదిహేను కిలోలు తలమీదికి ఎత్తడం వేరు. ఎత్తి, ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో బిగింపు వెతుక్కోవాలి. ముందు చక్రం విప్పి చిమటాను బిగించే రకమైతే బరువు కాస్త తగ్గుతుంది గానీ, విప్పిన చక్రం ఎవరి ఒళ్లో పెట్టాలన్నది వేరే వివాదం.

అన్నిటికన్నా పెద్ద గండం ఇంటి గుమ్మంలోనే కాచుకుని ఉంటుంది. కారు ఎత్తు ఒకటిన్నర మీటరు, పైన సైకిలు మరో మీటరుకు మించి. మొత్తం రెండున్నర దాటింది. రోజూ అలవాటుగా తిప్పే పోర్టికోలోకి ఆ రోజూ అలవాటుగానే తిప్పితే ముందు విరిగేది సైకిలు సీటు, తరవాత పోర్టికో అంచు, ఆ తరవాత ఇంటి శాంతి. రైలుగేటు దగ్గర ఎత్తు చూపే అడ్డగడ్డరుకు భయపడక్కర్లేదు, అది లారీల కోసం. భయపడాల్సింది అన్నవరంలో పెళ్లికి వెళ్లినప్పుడు వేసిన పందిరికి, కాకినాడ అపార్టుమెంట్ల సెల్లారుకు, కొబ్బరిమట్ట వాలిన సందులకు.

రెండో పాదమే ఈ పద్యానికి ప్రాణం, కొట్టుల్లో ఎక్కువగా అమ్ముడుపోయేదీ ఈ రకమే. మూడు సైకిళ్లు పడుతుంది, మడిస్తే మంచం కిందకి పోతుంది, ధర చేతికందుతుంది. పై కొక్కేలు డిక్కీ తలుపు ఇనుప అంచుకే పట్టాలి. అద్దానికీ ప్లాస్టిక్ స్పాయిలరుకీ తగిలిస్తే హైవే మీద దబ్బున ఊడతాయి. ర్యాకు రబ్బరు కాళ్లు ఆనే చోట దుమ్ము తుడవకపోతే ఆ దుమ్మే ఉప్పుకాగితంలా రంగు గీకేస్తుంది. కాస్త దూరం వెళ్లాక ఆగి పట్టీలు మళ్లీ లాగాలి, మొదట్లో తప్పకుండా వదులవుతాయి. సైలెన్సరు ఎదురుగా టైరు రాకూడదు, ఆ వేడికి రబ్బరు పాడవుతుంది. హ్యాండిలు తిరగకుండా ముందు చక్రాన్ని ఫ్రేముకు కట్టాలి. అడ్డుబద్ద లేని లేడీస్ సైకిలైతే విడిగా ఒక కడ్డీ బిగించి దానికి వేలాడదీయాలి. నాన్నగారి కాలపు ఇనుప సైకిలు మాత్రం ఎక్కించొద్దు. ఇలాంటి ర్యాకు సాధారణంగా ఒక్కో సైకిలుకు పదిహేను కిలోలే పడుతుంది, ఆ సైకిలు ఇరవై దగ్గర తూగుతుంది.

"బండి పేరు దాగు" దగ్గర వ్యాఖ్యాతలు ధర్మశాస్త్రాన్ని తెరవాలి. కేంద్ర మోటారు వాహన నియమాలు, 1989. అందులో 50వ నియమం నంబరు పలక ఎక్కడ ఎలా కనబడాలో చెబుతుంది. రాత్రిపూట వెనక 15 మీటర్ల నుంచి చదవగలిగేలా దాని మీద తెల్లదీపం పడాలని కూడా ఆ నియమావళిలోనే ఉంది. మన కార్లలో చాలావాటికి ఆ పలక డిక్కీ తలుపు మీదే, సరిగ్గా సైకిలు చక్రాలు వచ్చే చోటే ఉంటుంది. బ్రిటన్‌లో ఈ చిక్కుకు మందు కనిపెట్టారు, ర్యాకుకే ఇంకో నంబరు పలక తగిలిస్తారు. ఇక్కడ ఆ పని సొంతంగా చేసేముందు రవాణా శాఖవారిని అడగడం మంచిది, ఎందుకంటే 2019 నుంచి కొత్త బండ్లకు కంపెనీ బిగించి ఇచ్చే హై సెక్యూరిటీ పలకను నకలు తీయడం కుదరదు. మరొక చిక్కు. చిన్న కారు వెడల్పు మీటరు డెబ్భైకి అటూ ఇటూ, పెద్దవాళ్ల సైకిలు పొడవు ఇంచుమించు అంతే, తరచు కాస్త ఎక్కువే. చక్రం పక్కకు పొడుచుకొస్తుంది. సామాను హద్దుమీరి బయటికి వస్తే 2019 సవరణ ప్రకారం జరిమానా 20,000 రూపాయలు. ఇంతకన్నా తక్కువకే సైకిలు దొరుకుతుంది.

మూడో పాదం మీద ఎక్కువ చెప్పేదేమీ లేదు. బంపరు కింద కొక్కెం ఉంటే అన్నిటికన్నా సుఖం, నడుం ఎత్తులోనే ఎక్కించుకోవచ్చు. డాలస్‌లో మనవాళ్లు పిల్లల సైకిళ్లు తీసుకెళ్లేది దీనిమీదే. మన కార్లకు కంపెనీ నుంచి ఆ కొక్కెం రావడం అరుదు. దిగుమతి ర్యాకు ఖరీదు ఒక్కోసారి సైకిలునే దాటేస్తుంది. ఈ వ్యాపారంలో పేరు మోసిన థూలే కంపెనీని 1942లో స్వీడన్‌లో హిల్లెర్‌స్టోర్ప్ అనే ఊళ్లో ఎరిక్ థూలిన్ స్థాపించాడు. మొదట్లో అమ్మింది చేపల బోనులు. పులస కోసం పస్తులుండగల గోదావరి జిల్లాలవాడికి ఈ వంశచరిత్ర చాలు, ధర చూడకుండా కొనేస్తాడు.

పూర్వాచారమేమిటంటే, పల్లె బస్సు టాపుకు నిచ్చెన ఉండేది. సైకిలును భుజానికి తగిలించుకుని ఎక్కి, పక్కనే ఉన్న బియ్యం బస్తాకు కట్టేవారు. కోటిపల్లి రేవులో అయితే పంటు ఎక్కించేస్తే సరి. ఆ సంప్రదాయం ఇంకా పోలేదు. ర్యాకు బేరమాడుతుంటే పక్కన పంక్చర్లు వేసే అతను ఇలా పూర్వపక్షం చేశాడు: "అంత డబ్బెందుకండి బాబూ! లారీ టూబు ముక్కలు నాలుగెట్టి రెండేసి చుట్లు చుట్టేత్తానండి, రాజమండ్రి దాకా కదిల్తే నన్నడగండి. ఆయ్!" టూబు ముక్క మహిమను ఖండించే ధైర్యం టీకాకారుడికి లేదు. కానీ అది దేన్ని పట్టుకుందన్నది ప్రశ్న. బస్సు టాపుకు ఇనుప చట్రం ఉండేది, చిన్న కారుకు పట్టుకోవడానికి ఉన్నది తలుపు అంచే.

శంక: ఉప్పాడ బీచికి పోవడానికి ఇదంతా ఎందుకు? సమాధానం: అక్కర్లేదు. పిఠాపురం నుంచి పన్నెండు పదమూడు కిలోమీటర్లు, చదును దారి, జాందానీ మగ్గాల చప్పుడు వింటూ తొక్కుకుంటూ పోవచ్చు. పైగా అలలు రోడ్డుమీదికి ఎగిసిపడే ఆ తీరంలో ర్యాకు నట్లకు పట్టే ఉప్పు, మంచినీళ్లతో కడగకపోతే మళ్లీ స్పానరుకు లొంగదు. గోకవరం, రంపచోడవరం దాటి మన్యం ఎక్కేవాళ్లకే ఈ పద్యం.

సిద్ధాంతం: ర్యాకును ఎంచేది మనం కాదు, కారు వెనకభాగం. ముందు దాని వెనక నిలబడి చూడాలి. స్పాయిలరు ప్లాస్టికుదైతే రెండో పాదం కొట్టేయండి. స్టెప్నీ వెనక వేలాడే జీపులాంటిదైతే దానికే తగిలించే ర్యాకులు వేరే ఉన్నాయి, కవి వాటిని మరిచాడు. సైకిలు ఒక్కటే అయితే వెనక సీటు మడిచి, ముందు చక్రం విప్పి, పాత దుప్పటి పరిచి లోపల పడుకోబెట్టడమే ఈ టీకాకారుడి పక్షం. రెండైతే, పోర్టికో లేని ఇల్లయితే, కప్పు.

పాఠాంతరం: నాలుగో పాదం చివర "ముక్తి యేది" అన్నచోట "మూల్య మెంత" అని మా ఆవిడ చదువుతుంది. యతి కుదిరింది, గణాలు సరిపోయాయి. ఖండించడానికి వీల్లేదు.